పక్కగది

హోటళ్లు కట్టించడంలో మార్తాండరావు అంత పేరున్న ఆర్కిటెక్టు ఆ ప్రాంతంలో మరొకడు లేడు. గోడల మధ్య దూది పరుపులు కూరి, తలుపుల అంచులకు రబ్బరు వేయించేవాడు. ఆయన గీసిన హోటల్లో పక్కగదిలో పెళ్లి జరుగుతున్నా నిద్ర చెడదని జనం చెప్పుకునేవారు. ఆ నిశ్శబ్దమే ఆయనకు ఇల్లూ, కారూ, పేరూ ఇచ్చింది.

సముద్రపు ఒడ్డున కట్టిన పెద్ద హోటల్ ప్రారంభం నాడు, తల తిరుగుతోందని భార్య వాసంతి పక్కగదిలోకి వెళ్లి పడుకుంది. గోడకు ఇవతల యజమానులు ఆయన మెడలో దండ వేస్తున్నారు. సన్మానం ముగిశాక వెళ్లి తలుపు తీస్తే, ఆమె నేలమీద పడి ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. ఒక చెయ్యి గోడకు ఆని ఉంది.

ఆ తర్వాత మార్తాండరావు పెన్సిలు ముట్టలేదు. కంటినుంచి చుక్క రాలలేదు. అన్నం సయించక, ఇంట్లో ఉండలేక, చివరికి కొండమీది దర్గాకు వెళ్లాడు. అక్కడుండే యాసిన్ బాబా కాలేజీ రోజుల నుంచీ ఆయనకు గురువు.

"ఒక్కటే చెప్పండి బాబా. వాసంతి నన్ను పిలిచిందా?"

బాబా మూలనున్న చాప అందుకున్నాడు.

"నాకేం తెలుసు బేటా. ఎండన పడి వచ్చావు. కాసేపు నడుం వాల్చు."

గదికి మధ్యలో వెదురు తడిక. దానికి ఇవతల ఆయనకు చాప పరిచి, బాబా అవతలికి వెళ్లి పడుకున్నాడు.

మార్తాండరావుకు రెప్ప పడలేదు. గోడకు ఆనిన ఆ చెయ్యే కనిపిస్తోంది. పిలిచి ఉంటే, తను వినలేదు. పిలవకుండా ఉంటే, పిలిచినా వినబడదని ఆమెకు తెలుసు. ఎటు ఆలోచించినా దారి లేదు.

తడిక అవతల బాబా దగ్గాడు. ఆగి, మళ్లీ దగ్గాడు. ఈసారి ఊపిరి అందడం లేదు. మార్తాండరావు గబుక్కున లేచి, కుండలో నీళ్లు ముంచుకుని వెళ్లాడు. వీపు నిమురుతూ తాగించాడు.

బాబా మూతి తుడుచుకున్నాడు.

"నేను నిన్ను పిలవలేదే?"

"దగ్గు వినిపించింది బాబా."

"ఓహో. వినిపిస్తే వస్తావన్నమాట."

మార్తాండరావు గ్లాసు కింద పెట్టాడు. అక్కడే, బాబా పడుకున్న చాప అంచున కూలబడిపోయాడు. వాసంతి పోయాక మొదటిసారి, బయటికి వినబడేలా ఏడ్చాడు.