దా ధాతువు

గున్నేశ్వర శాస్త్రులుగారి దగ్గర వ్యాకరణం చదవడానికి యజ్ఞన్న వచ్చి పద్నాలుగేళ్ళయింది. గోదావరి అవతలి ఊరివాళ్ళు కొత్తగా పాఠశాల పెట్టి, చెప్పడానికి అతన్ని పంపమని రెండుసార్లు కబురు చేశారు. రెండుసార్లూ యజ్ఞన్న, "ఇంకా సందేహాలున్నాయండీ, తీరాక వెళ్తాను" అన్నాడు. శాస్త్రులుగారు బలవంతపెట్టలేదు.

మూడోసారి కబురొచ్చిన రోజు పొద్దున్నే యజ్ఞన్న మరో సందేహంతో పెరట్లోకి వెళ్ళాడు. శాస్త్రులుగారు అరటిచెట్ల దగ్గర ఎండుటాకులు తీస్తున్నారు.

"గురువుగారూ, దా ధాతువు దగ్గర ఆగిపోయానండీ. ఒక దాకి ఇవ్వడమని అర్థం. ఇంకోదానికి కోయడం. మరోదానికి కాపాడటం. పుట్టుకలో వేరైనా మూడూ ఒకే రూపానికి వస్తాయి. వ్యాకరణం మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టింది. ఇచ్చే చేతికీ కోసే చేతికీ పొత్తేమిటండీ? ఇది తేలకుండా ఇంకొకరికి ఏం చెప్పను?"

ఇంతలో పక్కింటి సత్తెమ్మ దడి అవతల నిలబడి పలకరించింది. "ఆయ్, అరటి పిలక ఇస్తానన్నారు కదండీ!"

శాస్త్రులుగారు శిష్యుడి వైపు తిరిగి, "దా" అన్నారు.

పాఠం మొదలైందనుకుని యజ్ఞన్న చేతులు కట్టుకున్నాడు.

"ధాతువు కాదురా, నిన్నే రమ్మంటున్నాను. ఆ గునపం అందుకో."

యజ్ఞన్న గునపం పట్టుకున్నాడు గానీ, ఎక్కడ దింపాలో తెలియలేదు. పిలక తల్లిచెట్టు మొదలుకు అంటుకునే ఉంది.

"మధ్యలో దింపు."

"తల్లి వేరు తెగుతుందేమోనండీ."

"తెగుతుంది. మానుతుంది."

"ఉంచేస్తే?"

"ఉన్న సారం కాస్తా పంచుకుని రెండూ సన్నబడతాయి. గెల ఎదగదు."

యజ్ఞన్న గునపం దింపి పెకలించాడు. దుంప పటుక్కున విడింది. మట్టితో సహా పిలకను ఎత్తి దడి మీంచి సత్తెమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని చంటిబిడ్డలా చంకనెత్తుకుని సంతోషంగా వెళ్ళిపోయింది.

"ఇప్పుడు నువ్వు చేసింది ఏ దా?" అడిగారు శాస్త్రులుగారు.

"ఇచ్చానండీ" అన్నాడు యజ్ఞన్న. మరుక్షణం, "కాదు, కోశాను" అన్నాడు. మూడో మాట కోసం నోరు తెరిచి, తల్లిచెట్టు వైపు చూసి ఆగిపోయాడు.

శాస్త్రులుగారు రెట్టించలేదు. చెట్టుకు అవతలి పక్కనున్న మరో పిలకను చూపించారు. అది భుజమెత్తు ఎదిగింది. తల్లిని ఆనుకుని, దాని ఆకుల కిందే ఉంది.

"అది లేతదండీ. కొన్నాళ్ళు ఉండనిద్దాం" అన్నాడు యజ్ఞన్న.

"లేతదేం కాదు. నీడన ఉంది, అంతే."

యజ్ఞన్న చాలాసేపు ఆ పిలకనే చూస్తూ నిలబడ్డాడు. శాస్త్రులుగారు మళ్ళీ ఎండుటాకుల పనిలో పడ్డారు. ఆయన చేతులు ఎప్పటికంటే నెమ్మదిగా కదులుతున్నాయి.

"అవతలి ఒడ్డుకు పడవ ఎప్పుడు కదులుతుందండీ?" అడిగాడు యజ్ఞన్న.

శాస్త్రులుగారు తల తిప్పలేదు.

"మధ్యాహ్నం. అన్నం తిని వెళుదువుగాని, ముందు చేతులు కడుక్కో."