మూడో పూస

రండి నాయనా, ఇంకాస్త ముందుకు జరగండి. వెనకున్న అమ్మలూ, మీరూ రండి. గొంతు చించుకుని చెప్పే కథ కాదిది. ఇందులో ఒక ఊపిరి చప్పుడుంది. అది మీ చెవిన పడాలి.

కలువరేవు రాజుగారికి సముద్రపు ఒడ్డున ఒక జంతుశాల ఉండేది. అందులోకి డాల్ఫిన్‌ను తెప్పించాలని ఆయనకు ముచ్చట పుట్టింది. చేప అనుకునేరు, కాదు. పైకొచ్చి మనలాగే గాలి పీల్చుకునే జీవి, బిడ్డకు పాలిచ్చే తల్లి. దానికి కొలను కట్టినవాడు పేరలింగాచారి. రాతిపనిలో అంతటివాడు లేడు.

"సరిపోతుందా ఆచారీ?" అని అడిగారు రాజుగారు.

"నా మాట ప్రభూ, సరిపోతుంది" అన్నాడు ఆచారి. ఆ మాట మీదే దాన్ని పట్టించి తెచ్చారు. ఆచారికి బంగారు కడియం కూడా చేయించి ఉంచారు.

ఆరు రోజులైంది. ఆ తల్లి మేత ముట్టలేదు. కొలను అంతా తన మాట మీద కట్టిందే కదా, ఆచారికీ ముద్ద దిగలేదు. పరుగున గురువు దగ్గరికి పోయాడు.

గురువు నరహరిదాసు. ఒకప్పుడు తెప్ప మీద చేపల వేటకెళ్లినవాడే. ఇప్పుడు మెడలో తులసిమాల, నోట హరినామం, అంతే.

"స్వామీ, దాని ఒంటికి పదిరెట్లు పొడవు పెట్టాను. మూడు నిలువుల లోతు. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పుటేరు తూములోంచి కొత్త నీళ్లు. రాజుగారి స్నానాల కొలను కూడా ఇంత లేదు!"

"రాజుగారు ఆ కొలనులోనే కాపురం ఉంటారా?"

ఆచారి నవ్వలేకపోయాడు. "ఇంకా పెంచమంటే పెంచుతాను. ఎంత పెంచాలో చెప్పండి. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే అది బతకదు."

దాసుగారు లేచి వెంట వచ్చారు. కొలను గట్టున కూర్చుని మాల తీశారు. ఊపిరికొక నామం, నామానికొక పూస.

డాల్ఫిన్ ఈ గోడ దగ్గర బయల్దేరింది. ఒక పూస. రెండు. మూడో పూసకు ఆ గోడ వచ్చేసింది. వెనక్కి తిరిగింది. దాసుగారి బొటనవేలు మళ్లీ మొదటికి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. మళ్లీ గోడ. అలా ఎంతసేపు కూర్చున్నారో! ఆయన వేలు ఒక్కసారి కూడా నాలుగో పూసను తాకలేదు.

ఆచారి గజంబద్ద చేతికి తీసుకున్నాడు. "మరి ఎంత ఉండాలి స్వామీ?"

"పద, కొలిచొద్దాం."

తెల్లారేసరికి సముద్రంలో తెప్ప మీద ఉన్నారు. తెడ్డు వేస్తున్నవాడు దాసుగారి అన్నకొడుకు నూకన్న. ఆచారి చంకలో గజంబద్ద చూసి పగలబడి నవ్వాడు.

"ఆచారిగారో! సముద్రానికి కూడా గట్టు కట్టేత్తారేటండీ?"

"ఊరుకోరా" అన్నారు దాసుగారు. "చెవి పెట్టు."

నీరు గాజులా ఉంది. పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, ఫూ... అని ఒక ఊపిరి. వెచ్చని తుంపర ఆచారి మొహం మీద పడింది. ఆ వెనక ఇంకొకటి, ఇంకొకటి. ముప్పయి, నలభై వీపులు ఒక్కసారి లేచి, సూర్యుడి కింద మెరిసి, నీళ్లలోకి దిగిపోయాయి. పిల్లలు తల్లుల పక్కకు అంటుకుని ఈదుతున్నాయి.

దాసుగారు మాల ఆచారి చేతికిచ్చారు. "అవి తిరిగినప్పుడు ఆపు."

ఆచారి లెక్కపెట్టాడు. మూడో పూస జరిగింది. నాలుగు. ఇరవై. నలభయ్యో పూసకు దూరాన మళ్లీ లేచాయి, మళ్లీ ఒక్కటిగా ఊపిరి తీసుకున్నాయి, మళ్లీ దిగాయి. అరవై. తొంభై. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో తెలియని చోట చిన్న మెరుపులు. మాల కొసన మేరుపూస వచ్చింది. మేరువును దాటకూడదు కదా, మాల వెనక్కి తిప్పాడు.

మాల తిరిగింది. అవి తిరగలేదు.

ఆచారి రెండు చేతులూ జోడించాడు. గజంబద్ద ఎప్పుడు నీళ్లలోకి జారిందో చూసుకోలేదు. నూకన్న చూశాడు గానీ ఈసారి నవ్వలేదు. తీసి తెప్ప మీద పెట్టాడు.

ఆ మధ్యాహ్నం కొలను దగ్గర రాజుగారు ఎదురుచూస్తున్నారు. "కొలిచొచ్చావా ఆచారీ? ఇంకెంత కట్టాలి?"

"కొలిచాను ప్రభూ. దానికి చాలినంత రాయి భూమ్మీద లేదు. నేనిచ్చిన మాట తప్పు. ఆ కడియం నాకొద్దు. తూము తియ్యనివ్వండి."

రాజుగారు ఆచారి మొహంలోకి చూశారు. ఏం కనపడిందో మరి, సరేనని తల ఊపారు.

పోటు నీరు తూము దాకా ఎక్కింది. ఆచారి తన చేత్తో చెక్కిన రాతి తలుపును తన చేత్తోనే పైకి లాగాడు. గోడలో దారి పడింది. అవతల ఉప్పుటేరు, ఆ పైన సముద్రం.

డాల్ఫిన్ వచ్చింది. ఒకటి, రెండు, మూడు. వెనక్కి తిరిగింది.

"అయ్యో తల్లీ!" అన్నాడు ఆచారి. "గోడ లేదమ్మా అక్కడ!"

మళ్లీ వచ్చింది. మూడు. మళ్లీ తిరిగింది. ఆచారి కొలను మెట్ల మీదుగా నడుం లోతు నీళ్లలోకి దిగిపోయాడు. దాసుగారి మాల ఇంకా అతని చేతిలోనే ఉంది. ఒకటి. రెండు. మూడు...

నాలుగో పూస కదిలింది.

ఉప్పుటేట్లో, ఫూ... అని ఊపిరి వినపడింది.

ఆచారి కళ్లు తుడుచుకోకుండానే ఐదో పూస మీద వేలు పెట్టాడు. గట్టు మీంచి దాసుగారు వంగి, ఆ వేళ్లను మాలతో సహా మెల్లిగా మూసేశారు.

"ఇక లెక్క చాలు నాయనా."

తల్లులారా, తండ్రులారా, మిగతా కథ మరిచిపోయినా ఫర్వాలేదు. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. మీ ఇంట చిలకే ఉందో, కుక్కే ఉందో, ఏ జీవికైనా మీరు చోటు కట్టి ఉంటే, దాని ముందు కూర్చోండి. భగవంతుడి పేరు చెప్పుకుంటూ లెక్కపెట్టండి, అది ఎన్ని పేర్లకు వెనక్కి తిరుగుతోందో.