పేరన్న చెప్పని పువ్వు

ఎన్ని తరాల కిందటి మాటో ఎవరికీ తెలీదు. సముద్రం ఊరికి ఇంకా దూరంగా ఉన్న రోజులవి. ఆ రేవు ఊళ్ళో పేరన్న అని బొమ్మలు వేసేవాడు ఉండేవాడు. భార్య పోయింది. మంగాయి అని ఒక్కతే కూతురు. ఆ పిల్ల జబ్బు చేసి మంచాన పడింది.

ఆ ఊళ్ళో ఒక దొరకి పెద్ద పూలతోట ఉండేది. దేశదేశాల మొక్కలు ఓడల మీద తెప్పించి నాటించాడు. పూసిన ప్రతి పువ్వునీ నీటిరంగులతో కాగితం మీదికి దించాలి. ఆ బొమ్మలు దొరగారి దేశానికి పోవాలి. ఆ పని పేరన్నది. పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి వాలిపోయేది. పువ్వు ఆగదు, దొర ఆగడు. పేరన్న తెల్లారకముందే వెళ్ళి, పొద్దుగూకాక వచ్చేవాడు. మంగాయికి పక్కింటి ఎర్రమ్మే గంజి పోసేది.

ఒకనాడు మంగాయి అడిగింది. "అయ్యా, తోటలోంచి నాకో పువ్వు తెస్తావా?"

"కోస్తే దొర పనిలోంచి తీసేస్తాడమ్మా."

పిల్ల ఊరుకుంది.

కొన్నాళ్ళకి మళ్ళీ అడిగింది. "పోనీ, ఒక బొమ్మ వేసిపెట్టు."

"కాగితం దొరది, రంగులు దొరవి. ఎలా వెయ్యను తల్లీ?"

పిల్ల ఊరుకుంది.

ఓడ బయల్దేరే రోజు దగ్గరపడింది. ఆ సాయంత్రం పేరన్న నడుం పట్టేసి, కళ్ళు మండుతూ ఇంటికొచ్చాడు. మంగాయి మూడోసారి అడిగింది.

"పువ్వొద్దు, బొమ్మొద్దు. ఇవాళ వేసిన పువ్వు ఎలా ఉందో చెప్పు, చాలు."

"రేపు చెబుతానమ్మా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పువ్వు ఆగదు, దొర ఆగడు. మర్నాడు పిల్ల లేవకముందే వెళ్ళిపోయాడు. ఊదారంగు రేకులు నింపుతూ తలెత్తి చూస్తే, తోట వాకిట్లో ఎర్రమ్మ నిలబడి ఉంది. పేరన్న కుంచె కింద పెట్టేశాడు.

మంగాయిని మట్టిలో పెట్టాక మళ్ళీ తోటకి వెళ్ళాడు. విచ్చిన పువ్వు ముందు కూర్చున్నాడు. చెయ్యి లేవలేదు. చూస్తుండగానే పువ్వు వాలిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు దొర ఇంకొకణ్ణి పనిలో పెట్టుకున్నాడు. బొమ్మలు ఓడెక్కాయి. వాటి కింద పువ్వు పేరు రాశారు, దొర పేరు రాశారు. పేరన్న పేరు రాయలేదు. అతనూ అడగలేదు.

ఆ తర్వాత అతను ఇంట్లో ఉండలేకపోయాడు. ఎవరు మంచాన పడ్డారని తెలిసినా వెళ్ళి గుమ్మంలో కూర్చునేవాడు.

"మీ పెరట్లో మెట్టతామర పూసింది. రేకు అంచున పసుపు. లోపలికి పోయేకొద్దీ నిప్పురంగు. ఒక రేకు గాలికి చిరిగింది" అని మెల్లగా, ఏదీ వదలకుండా చెప్పేవాడు. పెడితే తినేవాడు. లేకపోతే లేచి పోయేవాడు. వినేవాళ్ళ మొహాలు తేటపడేవి. అతని మొహం మాత్రం అలాగే ఉండేది.

ఒకనాడు ఎర్రమ్మ అంది. "ఎక్కడున్నా మంగాయి వింటూనే ఉంటుందిలే, అన్నా."

"వినదు ఎర్రమ్మా. వింటానన్నప్పుడు నేను చెప్పలేదు."

అలా తిరిగి తిరిగి, ఎవరిదో అరుగు మీద పోయాడు. తర్వాత సముద్రం ముందుకొచ్చి దొర తోటని మింగేసింది.

ఆ తీరంలో ఇప్పటికీ, ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే, బయటినుంచి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగకముందే పక్కన కూర్చుని దారిలో ఏం పూసిందో చెబుతారు. ఎంత అలసిపోయినా చెబుతారు. ఆ ఇంట్లో మాత్రం "రేపు చెబుతా" అని ఎవరూ అనరు.