సగం రన్‌వే

మృత్యుంజయకి ఆకాశమంటే భయం లేదు. భయమంతా నేలంటేనే. అదీ ఈ వారం రోజులుగానే.

అంతకుముందు అతనికి ఏ భయమూ ఉండేది కాదు. విమానం నడపడం నగరంలో నేర్చుకున్నాడు. అక్కడి రన్‌వే ఊరి బజారంత వెడల్పు. దాన్ని కళ్ళతో చూసి దిగడంలో తన జట్టులో తనే మొదటివాడు. "ఎత్తు చూపించే ఆ ముళ్ళూ మీటర్లూ చూపు ఆననివాళ్ళకిరా" అని హాస్టల్లో అంటుండేవాడట.

నేను విమానం ఎక్కింది ఒకే ఒక్కసారి. కిటికీ పక్క సీటు కోసం పక్కాయనతో పోట్లాడి గెలిచి, దిగేదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కాబట్టి ఈ కథలో కళ్ళు తెరిచి చూడాల్సిన చోట్లన్నీ ఇంకొకరు చెప్పినవే.

చిన్న రన్‌వేల మీద ఒంటరిగా దిగే అనుమతి కోసం అతన్ని దస్తగిరి దగ్గరికి పంపారు. దస్తగిరి సైన్యంలో విమానాలు నడిపి వచ్చిన మనిషి. మాట తక్కువ. ఆయన బడి అంటే ఎప్పుడో యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే, ఒక రేకుల షెడ్డు, రెండు సీట్ల విమానం ఒకటి. అంతే.

ఆ రన్‌వే కూడా మొత్తం ఆయనది కాదు. కోతలయ్యాక ఎడమ సగం మీద చుట్టుపక్కల రైతులు మొక్కజొన్న ఆరబోసుకుంటారు. కుడి సగం విమానానికి. ఎవరూ రాసుకున్నది కాదు, ఏటా అలా జరిగిపోతోంది. విమానం చప్పుడు వినపడగానే అందరూ లేచి గట్టు అవతలికి పోతారు, ఒక్క వెంకాయమ్మ తప్ప. ఆమెను మోకాళ్ళు లేవనివ్వవు. ఆమె గింజలు రన్‌వే మొదట్లోనే, విమానం దిగివచ్చే వైపే.

మొదటిరోజు మృత్యుంజయ విమానాన్ని రన్‌వేకి ఎదురుగా తిప్పాడు. గురువు పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పసుపుపచ్చటి దుప్పటి ఒకటి. దాని పక్కన నల్లటి దారి సన్నగా, పొడుగ్గా, ఎక్కడో లోతులో ఉంది. చాలా ఎత్తులో ఉన్నామనుకున్నాడు మృత్యుంజయ. అనుకోవడం కూడా కాదు, కళ్ళారా చూశాడు. ఇంజను తగ్గించి ముక్కు దించాడు.

ఇంకా ఎత్తులోనే ఉన్నట్టుంది. ఇంకాస్త దించాడు.

తుమ్మచెట్లు అప్పటిదాకా ఆకుపచ్చ మరకలు. ఉన్నట్టుండి వాటికి కొమ్మలొచ్చాయి. కొమ్మలకి ముళ్ళొచ్చాయి. వాటి అవతల ఒక ముసలామె తలెత్తింది. ఆమె నోట్లో పళ్ళు లేవని కూడా తెలిసిపోయింది.

పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఇంజను జోరు పెంచే థ్రాటిల్‌ని పూర్తిగా ముందుకి తోసింది. ఇంజను అరిచింది. విమానం ఒళ్ళంతా వణికి, చెట్ల మీదుగా, ముసలామె మీదుగా భారంగా పైకి లేచింది.

దిగబోతూ మానేసి ఇలా మళ్ళీ లేవడాన్ని గో అరౌండ్ అంటారు. నగరం హాస్టల్లో మాత్రం 'తప్పాడు' అనేవాళ్ళు, పరీక్ష తప్పినట్టు.

ఆ చెయ్యి రెండోరోజూ వచ్చింది. మూడోరోజూ వచ్చింది. తర్వాత మృత్యుంజయకి అన్నం సయించడం మానేసింది. ముద్ద ఎత్తితే చాలు, పళ్ళెంలోంచి ఆ పళ్ళులేని నోరు తెరుచుకునేది.

ఒక సాయంత్రం షెడ్డు ముందు, అన్నాల దగ్గర, ఉండబట్టలేక అడిగేశాడు.

"నాకు ఎత్తులో ఉన్నట్టే కనిపిస్తోంది సార్."

"స్పష్టంగానా?"

"చాలా స్పష్టంగా సార్."

"అదే నా భయం," అన్నాడు దస్తగిరి.

"ఇది నా తప్పు కాదు సార్. ఆ మొక్కజొన్న సగం దారిని మింగేసింది. దారి సన్నగా ఉంటే మనం ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. పుస్తకంలో కూడా ఉంది."

"ఉంది."

"తెలిసి తెలిసీ మోసపోతున్నాను. వాటిని తీయించెయ్యండి సార్."

"తీయిద్దాంలే. రేపు ఇంకోచోట దారి నిజంగానే సన్నగా ఉంటే?"

మృత్యుంజయ కళ్ళు నులుముకున్నాడు. "ఈ కన్ను ఎప్పటికి దారికొస్తుంది సార్?" అన్నాడు. గురువు పళ్ళెం పక్కన పెట్టాడు. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఒంటరిగా ఎగరాల్సిన రోజు. మృత్యుంజయ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి గురువే విమానం ఎక్కుతున్నాడు.

"నువ్వు పోయి వెంకాయమ్మ పక్కన కూర్చో. గింజలు తిరగెయ్యి."

"మరి నా పరీక్ష సార్?"

"తర్వాత."

వెంకాయమ్మ అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"నువ్వేనా అబ్బాయ్, రోజూ నన్ను చూసిపోను వస్తున్నావు?"

అతను గింజల్లోకి తల వంచుకున్నాడు.

"మొన్న పైన చూసినప్పుడు మీసం ఉందనుకున్నా. మసి కాబోలు."

"నీకు భయం వెయ్యలేదా అవ్వా?"

"ఎందుకెయ్యదు? నిన్న నువ్వొచ్చినప్పుడు చచ్చిపోయిన మా ఆయన కనిపించాడు. పలకరించేలోపే నువ్వు లేచిపోయావు." పళ్ళులేని నోటితో నవ్వి, చేత్తో గింజలు నెట్టింది. "భయమేస్తే మాత్రం ఎక్కడికి పోను? మోకాళ్ళు మాట వినొద్దూ?"

చప్పుడు మొదలైంది. జనం గట్టు దాటారు. మృత్యుంజయ కాళ్ళు కూడా వాళ్ళతోపాటు పోదామన్నాయి.

కింద కూర్చుని చూస్తే విమానం వస్తున్నట్టు ఉండదు. ఉన్నచోటే ఉండి పెద్దదవుతున్నట్టు ఉంటుంది. ముందు ఈగంత. తర్వాత కాకంత. ఆ తర్వాత రెక్కలు రెండువైపులా సాగిపోతూ, నీ కోసమే వస్తున్నట్టు, ఇంకెవరి కోసమూ కానట్టు. వెంకాయమ్మ చెయ్యి అతని మోకాలి మీద పడింది. అతన్ని ఆపడానికో, ఆమె ఊతం కోసమో అతనికి అర్థం కాలేదు.

అంత భయంలోనూ అతని కన్ను లెక్క కడుతూనే ఉంది. గురువు సరిగ్గా వస్తున్నాడు, వంక పెట్టడానికి లేదు.

ఇంజను అరిచింది. విమానం పైకి లేచిపోయింది.

"సాయిబుగారికి చత్వారం వచ్చినట్టుందిరోయ్!" గట్టు మీంచి ఎవరో అన్నారు. నవ్వులు.

రెండోసారి కూడా అంతే. అంత చక్కగానూ వచ్చి, అలాగే లేచిపోయాడు. నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఆ తర్వాత వచ్చినప్పుడు చాప పరిచినట్టు దిగాడు.

మృత్యుంజయ పరుగెత్తుకుంటూ వెళ్ళాడు.

"ఎందుకు సార్ లేపేశారు? సరిగ్గానే వచ్చారు కదా!"

"ఎత్తులో ఉన్నాననిపించింది."

"మీకా?"

"రోజూ అనిపిస్తుంది."

"ఇన్నేళ్ళ తర్వాత కూడానా?"

దస్తగిరి చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి తుడిచాడు. "కన్ను ఒకటంటోంది. ఎత్తు చూపించే ముల్లు ఇంకొకటంటోంది. కింద మనుషులున్నారు నాయనా, మీ తగువేదో పైన తేల్చుకోండి అన్నాను." ఆ హెడ్‌ఫోన్లు శిష్యుడి చేతిలో పెట్టాడు. "ఇక నువ్వు వెళ్ళు."

పక్క సీటు ఖాళీ. రావలసిన చెయ్యి ఇవాళ రాదు.

విమానం రన్‌వేకి ఎదురు తిరిగింది. అదే పసుపు, అదే సన్నటి దారి, అదే లోతు. ఎత్తులో ఉన్నావంది కన్ను. సరిగ్గానే ఉన్నావంది ముల్లు. కన్ను అబద్ధం చెబుతోందని అతనికి తెలుసు. తెలిసినా ఆ అబద్ధం అచ్చం నిజంలాగే ఉంది. థ్రాటిల్ మీదున్న చెయ్యి, తను చెప్పకుండానే, ఇంజను తగ్గించడానికి వెనక్కి జరగబోయింది.

అతను ఆ చేతిని చూశాడు. అది తన చెయ్యే.

ముందుకి తోశాడు.

కింద గట్టు మీద నవ్వులు. రెండోసారి చెట్లకి చాలా పైన ఉండగానే లేచిపోయాడు. ఈసారి నవ్వులు తగ్గాయి. మూడోసారి కూడా లేచిపోయేసరికి ఎవరూ నవ్వలేదు.

రైతుల్లో ఒకడు, పిచ్చిరెడ్డి, తలపాగా విప్పి చేత్తో పట్టుకుని వచ్చాడు.

"దిగలేకపోతున్నాడు సాయిబుగారూ. నూనె అయిపోతే?"

"అవదు. ట్యాంకు నిండా పోశాను."

"పాపం, బెదిరిపోయాడండీ కుర్రాడు."

"బెదిరాడా?" దస్తగిరి అతని వైపు తిరిగాడు. "నీకూ అలాగే అనిపించిందా?"

"కనపడటంలా? దగ్గరికి రావడానికే జంకుతున్నాడు."

దస్తగిరి శిష్యుడు ఎగిరినప్పటినుంచీ ఆకాశంలోనే ఉంచిన కళ్ళు దించాడు. మెల్లగా రన్‌వే మొదటికి నడిచాడు. దూరాన విమానం మళ్ళీ మలుపు తిరుగుతోంది. జనం మళ్ళీ గట్టు అవతలికి పరుగెత్తుతున్నారు. ఆయన చెప్పులు విడిచి, వెంకాయమ్మ పక్కన, వచ్చే విమానానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆమె ఆయన భుజం మీదుగా ఆకాశంలోకి కళ్ళు చిట్లించింది.

"చూడవా సాయిబూ?"

"వాడికి తన కంటి మీద అనుమానం పుట్టిందమ్మా," అన్నాడు దస్తగిరి, గింజలు తిరగేస్తూ. "ఇక ఫర్వాలేదు."