తవిటయ్య గారి ముక్కు

మా గురువు తవిటయ్య గారికి ఒక అలవాటుండేది. అడవి నుంచి పుట్టగొడుగుల బుట్ట వచ్చిందంటే, దాన్ని అరుగు మీద పెట్టించుకుని ముందు ఒక్కొక్కటే తిప్పి చూసేవారు. గొడుగు అడుగున మడతలు ఏ రంగులో ఉన్నాయో, కాడ పుట్టలోకి వేరులా దిగిందో లేదో, గోటితో గీరితే రంగు మారుతోందో లేదో చూసేవారు. అదంతా అయ్యాక, వాసన చూడ్డానికి మాత్రం బుట్టను మాలో ఎవరో ఒకరికి ఇచ్చేవారు. ఇవ్వడం కూడా రెండు చేతులతో ఇచ్చేవారు. ఆ పుచ్చుకున్నవాళ్ళు తమ ముక్కుకి ఏం తోచిందో చెప్పేదాకా కదలకుండా వినేవారు. విన్నాక వాళ్ళకి నమస్కారం పెట్టేవారు.

పెద్దవాళ్ళు దండం పెడితే మనకి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ అంటుండేది. అందుకని మొదట్లో నేను బుట్ట నా వైపు వస్తే చాలు, వెనక్కి జరిగి ఇంకొకరి చాటున నిలబడేవాణ్ణి. తవిటయ్య గారు కనిపెట్టి, "తవుడుకి అమ్ముడుపోయినోణ్ణి, నా దండం నిన్నేటి సేత్తాది?" అని నవ్వేవారు. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ణి గుప్పెడు తవుడుకి ఇచ్చేసినట్టు నటించి మళ్ళీ తెచ్చుకుని అలా పేరు పెడతారు ఆ వైపు. ఆయన పేరు వెనక అంతే కథ. పేరు తవుడుదైనా, మూలికల విషయంలో, అడవి తిండి విషయంలో ఆ కొండల కింద ఆయన మాటకి తిరుగుండేది కాదు.

ఆయన దగ్గర ఉన్న నలుగురిలో పెద్దవాడు కామేశం. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం వదిలేసి వచ్చినవాడు. పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. కొండ అవతలి ఊరివాళ్ళు తమకొక మనిషిని ఇమ్మని అడిగితే, గురువు గారు కామేశాన్నే పంపుతానన్నారు. ఆ మర్నాడే ప్రయాణం. ఇకమీదట ఆ ఊళ్ళో ఏది తినవచ్చో, ఏది తినకూడదో కామేశమే చెప్పాలి. ఆయన సరేనంటే పిల్లలతో సహా ఊరంతా తింటుంది. కామేశం ఆ గౌరవానికి పొంగిపోయి ఉన్నాడని వేరే చెప్పక్కర్లేదు. మేము కుళ్ళుకున్నామన్నది కూడా అబద్ధం కాదు.

ఆ రోజు పొద్దున వంట సుగుణది. ఆమె వచ్చి అప్పటికి పది రోజులే. ఉప్మా అడుగంటించేసింది. మాడు వాసనకి మేమందరం పమిటలూ కండువాలూ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాం. కామేశం ఒక్కడే పళ్ళెం ముందు కూర్చుని, "ఘుమఘుమలాడిపోతోందమ్మా," అన్నాడు. పాపం ఆ పిల్ల చిన్నబుచ్చుకోకూడదని అన్నాడనుకుని ఆయన మంచితనానికి నేను ముచ్చటపడ్డాను. తవిటయ్య గారు మాత్రం తల ఎత్తి కామేశం వైపు ఒకసారి చూసి, మళ్ళీ తన ఉప్మా తాను తిన్నారు.

తొమ్మిది గంటలకి బుట్ట వచ్చింది. ఆరుద్ర కార్తె మొదటి వానలకి పుట్టల మీద లేచిన పుట్టగొడుగులు. కామేశం తనంత తానే ముందుకొచ్చి, అన్నీ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి, "శుభ్రంగా ఉన్నాయండీ. పొయ్యెక్కించవచ్చు," అన్నాడు. తవిటయ్య గారు బుట్టను ఆయన చేతిలోంచి తీసుకుని సుగుణ వైపు చాచారు.

కామేశం మొహం మాడిన ఉప్మా రంగుకి వచ్చింది.

"గురువు గారూ, తప్పుగా అనుకోకండి," అన్నాడు. "పదకొండేళ్ళు మీ దగ్గర నేర్చుకున్నాను. రేపు ఒక ఊరు నా మాట మీద తినబోతోంది. అలాంటప్పుడు పది రోజుల కిందట వచ్చిన మనిషి చేత నా బుట్టకి వాసన చూపించడం ఎందుకండీ? అసలు మీరైనా, అంత తెలిసినవారు, ఎప్పుడూ ఇంకొకరి ముక్కుని అడగడం ఎందుకు? తెలిసినవాడికి అడగాల్సిన అవసరం ఎప్పటికి తీరుతుంది?"

తవిటయ్య గారు చాచిన బుట్ట వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "కూకో కామేశం," అన్నారు. "నాకు వాసన తెలవదు. ముప్పై ఎనిమిదేళ్ళయింది."

ఏ గొడుగుకి ఎండుచేప వాసన, దేనికి కొత్త బియ్యం కడిగిన నీళ్ళ వాసన, ఏది పచ్చి వేరుశనక్కాయలా ఉంటుంది, ఏది తియ్యగా వాసనొచ్చి ప్రాణం తీస్తుంది, ఇవన్నీ మాకు చెప్పింది ఆయనే. ఆయనకి అవి ఎవరు చెప్పారో అడగాలని మాలో ఒక్కడికీ తోచలేదు. ఊళ్ళో అందరికీ తెలుసట. మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. అప్పుడాయన చెప్పిన సంగతి ఇది.

అప్పటికి తవిటయ్య గారికి ముప్పై రెండేళ్ళు. వాళ్ళ ఊళ్ళో ఏ పంటైనా, అడవిలో దొరికే ఏ తిండైనా, ఏడాదిలో మొదటిసారి ఊరంతా ఒకచోట వండుకుని తింటారు. దాన్ని కొత్త తినడం అంటారు. కొత్త తిన్నాకే ఎవరింట్లో వాళ్ళు వండుకోవడం. పుట్టగొడుగుల కొత్త రోజున ప్రతి బుట్టా ముందు ఒక మనిషి ముక్కు కిందకి రావాలి. ఆ మనిషి వాసన చూసి "ఎక్కించండి" అంటేనే కాగులో పడుతుంది. తండ్రి తర్వాత ఆ పని తవిటయ్య గారికి వచ్చింది. ఆయన ముక్కు తండ్రి ముక్కుని మించిందని చెప్పుకునేవారు. మూడిళ్ళ అవతల పాలు విరిగినా చెప్పేసేవాడట.

ఆ ఏడు మాఘమాసంలో ఆయనకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన తెలియడం పోయింది. పది రోజులు చూశాడు, నెల చూశాడు, రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊళ్ళో తన చోటు పోతుందని భయం. పైగా కళ్ళున్నాయి కదా, చేతులున్నాయి కదా, ఇరవై ఏళ్ళ అనుభవముంది కదా అని ధీమా.

ఆషాఢంలో కొత్త వచ్చింది. ఆ వేళ జోరుగా వాన. పదిహేను బుట్టలు వచ్చాయి. అందులో ఒక బుట్టలోవి పుట్టవి కావు, ఎవరో వానకి తొందరపడి పశువుల దొడ్డి పక్క గడ్డిలోవి కోసుకొచ్చారు. తెల్లగా, గుండ్రంగా, చూడముచ్చటగా ఉన్నాయి. కాడలు మొదలంటా విరిగిపోయాయి. అలా విరిగినవాటిని పక్కన పెట్టమని తండ్రి చెప్పి ఉన్నాడు. కానీ జనం ఆకులు వేసుకుని కూర్చున్నారు. తవిటయ్య గారు ప్రతి బుట్ట మీదా వంగాడు, ముక్కు ఎగబీల్చాడు, పదిహేనుసార్లూ "ఎక్కించండి" అన్నాడు.

ఆ రోజు వంట వంతు అసిరమ్మది. వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చిన మనిషి. కాగు పొంగుకి వచ్చాక ఆమె మూత తీసి, ఆవిరి మొహానికి కొట్టగానే చటుక్కున వెనక్కి జరిగిందట. తర్వాత పిలిచింది.

"తవిటన్నా, ఓపాలి ఇలాగొచ్చి సూడు."

ఆయన వెళ్ళి కాగు మీద వంగాడు. మొహానికి వేడి తగిలింది. ఇంకేమీ తగల్లేదు. తలెత్తితే ఎదురుగా ఊరంతా ఉంది. ముందు వరసలో పిల్లలు. వాళ్ళ మధ్య ఆయన కూతురు నీలమ్మ, నాలుగేళ్ళది, ఆకు మీద నీళ్ళు చల్లుకుని చేత్తో తుడుస్తోంది.

"బాగానే ఉంది," అన్నాడు తవిటయ్య గారు.

ఈ మాట మాకు చెబుతున్నప్పుడు ఆయన గొంతు తగ్గిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి మాట అది. నిన్న అన్నట్టు సిగ్గుపడ్డారు.

అసిరమ్మ ఆయన మొహంలోకి చూసింది. రెండు గుడ్డలు తీసుకుని, కాగు అంచులు పట్టుకుని, ఉన్నదంతా పొయ్యిలోకి వంపేసింది. పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. మరిగిన పులుసు ఆమె కాలి మీద పడింది.

ఊరు లేచి ఆమె మీద పడింది. ఏడాదికొక్కసారి తినే కొత్త బూడిదపాలైంది, ఊరికి అరిష్టం తెచ్చింది, పరాయి ఊరి మనిషికి వంతు ఇస్తే ఇంతే అని తలోమాటా అన్నారు. అసిరమ్మ కాలు పట్టుకుని కూర్చుని, "సెయ్యి జారిపోనాది," అంది. ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

వాళ్ళలో ఒకడు, తవిటయ్య గారి సొంత బావమరిది, ఆకలికి ఆగలేక ఆ దొడ్డి గొడుగులు రెండు అప్పటికే నిప్పుల మీద కాల్చుకు తిన్నాడు. గంట తిరక్కుండా వాంతులు మొదలై మర్నాడు మధ్యాహ్నం దాకా సాగాయి. బలమైన మనిషి కాబట్టి తట్టుకున్నాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి ఆ బలం ఎక్కడిది?

సాయంత్రం తవిటయ్య గారు కలబంద పట్టుకుని అసిరమ్మ ఇంటికి వెళ్ళాడు. కాలికి గుజ్జు రాస్తూ అడిగాడు, నీకెలా తెలిసిందని.

"తొలికాన్పుకి పట్నం ఆసుపత్రిలో పదకొండు రోజులు నేల మీద పడున్నాను," అందామె. "రెండు పూటలా పినాయిలేసి కడిగీవోరు. దక్కని పిల్లదాన్ని అక్కడే ఒగ్గేసి ఉత్త సేతుల్తో వొచ్చినాను. ఆ వాసన నాను మర్సిపోతానా అన్నా? కాగులోంచి అదే వొచ్చింది."

"మరి అందరిలోనూ ఆ మాట చెప్పలేదేం?"

"నీకు వాసన తెలీదని నాకెరికే. ఇప్పపూలు రాలినప్పుడు సెట్టు కిందకెల్తే ఎవులైనా ఓపాలి ఆగి గాలి పీల్సుకుంటారు. ఈ ఏడు నువ్వాగనేదు, తిన్నగా ఎల్లిపోనావు. మూడు పొద్దులు సూసినాను." ఆమె కాలు కాస్త వెనక్కి లాక్కుంది, మంటగా ఉందేమో. "నాను సెప్తే నీ మాట పోద్ది. నువ్వు సెప్పుకుంటే ముక్కొకటే పోద్ది. ఏది పోగొట్టుకుంటావో నీ ఇష్టం."

తెల్లారి తవిటయ్య గారు ఊరి మధ్య నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. తరిమేస్తారనుకున్నాడు. తిట్టారు, బాగానే తిట్టారు. తర్వాత ఊరి పెద్ద గడ్డం గోక్కుంటూ, "సరే, కళ్ళు నీయి, సేతులు నీయి, ముక్కు అసిరమ్మది. ముగ్గురూ ఒప్పుకుంటేనే కాగెక్కాల," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో తన ప్రాణం లేచి వచ్చిందన్నారు తవిటయ్య గారు. ఇరవై ఆరేళ్ళు అసిరమ్మ ఆయన పక్కన కూర్చుని ప్రతి బుట్టా వాసన చూసి, ఆయనకి అర్థమయ్యేలా చెప్పింది. ఆయన మాకు నేర్పినవాటిలో సగం ఆమె మాటలే. ఆమె పోయాక, ఎవరు పక్కనుంటే వాళ్ళకి బుట్ట ఇవ్వడం మొదలుపెట్టారు.

"మా నీలమ్మకి ఇప్పుడు నలభై రెండేళ్ళు," అన్నారాయన. "ఇద్దరు పిల్లల తల్లి. అది ఎప్పుడొచ్చినా నాకు ముందు అసిరమ్మ కాలి మీద మచ్చే గుర్తొస్తాది. ఎవులికి దండం పెట్టినా ఆ కాలికే పెడతన్నాను."

సుగుణ కళ్ళు తుడుచుకుంటోంది. నేను కూడా అదే పనిలో ఉన్నాను, దాచడమెందుకు. కామేశం తల వంచుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి తవిటయ్య గారు మామూలు గొంతుతో, "పొద్దున ఉప్మా ఎలాగుంది కామేశం?" అని అడిగారు.

కామేశం ఉలిక్కిపడ్డాడు. మా మొహాలు చూశాడు. మేము మెల్లిగా కళ్ళు దించుకున్నాం.

"మాడిందా?" అన్నాడు.

"బొగ్గయింది," అంది సుగుణ, బిక్కమొహంతో.

"వారం రోజులుగా జలుబండీ," అన్నాడు కామేశం. "ఏమీ తెలియడం లేదు. రేపు ప్రయాణం పెట్టుకుని ఈ మాట ఎలా చెప్పనని... చూస్తే బాగానే ఉన్నాయనిపించింది..."

లేచి వచ్చి గురువు గారి ఒళ్ళోంచి బుట్ట తీసుకున్నాడు. సుగుణ ముందు నిలబడి రెండు చేతులతో అందించాడు. ఆమె కంగారుపడి చేతులు పమిటకి తుడుచుకుని బుట్ట పుచ్చుకుంది. కళ్ళు మూసుకుని వాసన చూసింది.

"వాన పడ్డ మట్టి," అంది నెమ్మదిగా. "దాని వెనక... మా అమ్మ బియ్యప్పిండి వేయించినప్పుడు వచ్చే వాసన. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మంచివే అనుకుంటానండీ."

కామేశం ఆమెకి నమస్కారం పెట్టాడు. ఆయన పెట్టిన నమస్కారం సరిగ్గా గురువు గారు పెట్టినట్టే ఉంది.

తవిటయ్య గారు మోకాళ్ళ మీద చేతులానించి మెల్లిగా లేచారు. కామేశం భుజం మీద చెయ్యి వేశారు.

"జలుబు నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది," అన్నారు. "బుట్ట మాత్రం ఇలాగే ఇస్తుండు."