బోరింగులో పోసిన చెంబెడు నీళ్ళు

చెన్నరాయుడికి పాట ఎండిపోయింది. గొంతు కాదు తల్లీ, గొంతు భేషుగ్గానే ఉంది. లోపలిది ఎండిపోయింది.

ఓబుళస్వామి ఆశ్రమంలో శనివారం భజనకు చిడతలు పట్టి ముందు పాడేది అతనే. ఆ వారం అతని పాట విని ఒక ముసలమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి అతని కాళ్ళు పట్టుకుంది. "నీ పాటలో సామి కనపడినాడు నాయనా" అంది.

అతనికేమో పాడినంతసేపూ వంకాయ కూర మీదే ధ్యాస! నవ్వకండి, మనకు రాదా ఏం?

తెల్లారేసరికి సంచి భుజాన వేసుకుని గురువు ఓబుళస్వామి ముందు నిలబడ్డాడు.

"సెలవిప్పించండి స్వామీ. నేను కపటిని. నెలల తరబడి లోపల చుక్క భక్తి లేదు. నోరు మాత్రం గోవిందా గోవిందా అంటోంది. దీన్ని కపటం అనక ఇంకేమంటారు?"

"పెద్ద మాటే పట్టుకొచ్చావే" అన్నాడు స్వామి. "పోదువులే. ముందు ఆ బిందె నింపు."

పెరట్లో పాత బోరింగు. రాత్రంతా ఊరకుంటే లోపలి తోలు బిళ్ళ ఎండి, నీళ్ళకు బదులు గాలి పీలుస్తుంది. అందుకే చివర కొట్టినవాడు, పొద్దున అందులో పోయడానికి, పక్కన చెంబెడు నీళ్ళు ఉంచి పోవాలని అక్కడి పద్ధతి. నిన్న దిగులులో చెన్నరాయుడే ఆ సంగతి మరిచాడు.

పిడి పట్టి కొట్టాడు. గస తప్ప నీళ్ళు లేవు.

"రావడం లేదు స్వామీ."

స్వామి తాను తాగబోతున్న చెంబును నోటి దగ్గర నుంచి దించి, ఆ నీళ్ళన్నీ బోరింగులో పోశాడు. "ఇప్పుడు కొట్టు."

కొట్టగా కొట్టగా లోపలెక్కడో గుడగుడమంది. పిడి బరువెక్కింది. నీళ్ళు భళ్ళున దూకి ఇద్దరి పంచెలూ తడిపేశాయి.

"నేను పోసినవి దీని లోపలి నీళ్ళా?"

"కాదు స్వామీ, పైనుంచి పోసినవి."

"అయితే దీన్ని కపటి అందామా?"

చెన్నరాయుడికి నవ్వొచ్చింది, ఎన్నాళ్ళకో. అయినా పట్టు వదల్లేదు. "మరి ఎవర్ని అనాలి స్వామీ ఆ మాట?"

"నీళ్ళు అక్కర్లేకుండా, ఎవరో చూస్తున్నారని పిడి కొట్టేవాణ్ణి." స్వామి ఖాళీ చెంబు అతని ముందు చాచాడు. "నీకు దాహం ఉందా, లేదా?"

చెన్నరాయుడు ఆ చెంబు అందుకున్నాడు.

"ఉంది స్వామీ."

"అయితే ఆ సంచి కింద పెట్టి కొట్టు. బిందె ఇంకా నిండలా."