పాట లేని పల్లకి

రేగులపాడు బడిలో పిల్లలకు అక్షరాలతోపాటు పాటలు, బొమ్మలు, కసరత్తు కూడా నేర్పేవారు. తనిఖీకి వచ్చిన మంత్రి విరూపాక్షయ్య, "ఇవన్నీ దండగ! ఇకమీదట చదువూ లెక్కలే" అని ఆజ్ఞాపించి, అవి నేర్పే గురువులను తీసేశాడు. తల్లిదండ్రులు ఎంత మొరపెట్టుకున్నా వినలేదు.

మంత్రి పల్లకి మోసే బోయీలదీ, వాళ్ల పెద్ద ఎర్రన్నదీ ఆ ఊరే. అతని కూతురు నీలమ్మ ఆ బడిలోనే చదువుతోంది. తిరుగు ప్రయాణంలో బోయీలు నోరు మెదపకుండా పల్లకి ఎత్తారు. ఎవరి అడుగు వారిదే అయింది. పల్లకి అటూ ఇటూ ఊగి, మంత్రి తల కొయ్యకు కొట్టుకుంది.

"ఒరేయ్, రోజూ పాడుతూ మోస్తారు కదా! పాడండిరా!"

"పాట దండగని తమరే సెలవిచ్చారు కదయ్యా" అన్నాడు ఎర్రన్న వినయంగా. "పాట ఉంటేనే మా అందరి అడుగూ ఒక్కటిగా పడుతుంది. కసరత్తు చేసిన భుజాలు గనకే తమరిని మోస్తున్నాయి. రెండూ మేం ఆ బడిలోనే నేర్చుకున్నాం. అవి వద్దంటే ఇక్కడే దించేస్తాం. తమరు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవచ్చు."

మంత్రి ఎదురుగా ఉన్న కొండదారి చూశాడు. తల తడుముకుంటూ నవ్వేశాడు.

"వెనక్కి తిప్పండి. బడికే పోదాం."

పిల్లలందరి ముందూ ఆయన తన ఆజ్ఞ రద్దు చేసి, గురువులను మళ్లీ పిలిపించాడు.

"మంత్రిగారిని వెనక్కి తెచ్చింది మా నాన్నే!" అని నీలమ్మ ఆ రోజంతా ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది.